టాహో టర్కాయిజ్‌తో తంటాలు: 66 మస్టాంగ్ తలుపు, రెండో ప్రయత్నం

నిన్న సాయంత్రం ఆరున్నరకి పాత రంగుల్లోకి తెస్తున్న నా 1966 ఫోర్డ్ మస్టాంగ్‌ని డ్రైవ్‌వేలోకి తోసి, వెనక బంపర్ దగ్గర నిలబడి చూడగానే ప్రాణం ఉసూరుమంది. రెండోసారి పెయింట్ చేసి బిగించిన డ్రైవర్ వైపు తలుపు, దాని ముందున్న ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) రంగులు ఇంకా కలవలేదు. మధ్యాహ్నం ఎదురుగా నిలబడి చూసినప్పుడు తేడాయే లేదు. ఎండ వాలాక ఏటవాలుగా చూస్తే మాత్రం తలుపు లేతగా, ఫెండర్ ముదురుగా కనిపిస్తున్నాయి. నాలుగు వారాంతాలు, రెండు క్వార్ట్‌ల బేస్‌కోట్ (రంగు పొర) దీనికే పోయాయి.

ఈ కారు రంగు దగ్గర నేను సర్దుకోలేను. తలుపు మీది డేటా ప్లేటులో 65ఎ, యు, డి7, 17సి అని ఉంది. 65ఎ అంటే మామూలు ఇంటీరియర్ ఉన్న హార్డ్‌టాప్. యు అంటే టాహో టర్కాయిజ్. 17సి అంటే తయారీ తేదీ, 1966 మార్చి 17. నేను ఈ బండి కొన్నది మాత్రం ఆ డి7, అంటే లోపలి రంగుల జోడీ కోసమే. సీట్లు, డోర్ ప్యానెళ్లు పార్చ్‌మెంట్, అంటే మన మీగడ రంగు. డ్యాష్, స్టీరింగ్ కాలమ్, కార్పెట్ ఆక్వా. బయటి రంగే కాస్త పలచబడి లోపలికి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఆ మోడల్ ఏడాదిలో ఆరు లక్షలకు పైగా మస్టాంగ్‌లు తయారయ్యాయి, కానీ షోలకి వెళ్తే ఎక్కడ చూసినా బయట ఎరుపు, లోపల నలుపే. ఫ్యాక్టరీ ఇన్ని రంగులు ఇస్తే అందరూ ఒకే జోడీకి ఎందుకు మారుస్తారో నాకు అర్థం కాదు.

పాత ఓనరూ అదే చేశాడు, లోపలంతా నల్లగా కొట్టించాడు. తలుపు గడప మీది సిల్ ప్లేట్ల కింద ఆక్వా కార్పెట్ పోగులు, రేడియో వెనక డ్యాష్ మీద గోరంత అసలు పెయింటు దొరికాయి. ప్లేటు మీది నంబరు ఇంజన్ బేలో ఏప్రన్ (ఫెండర్ లోపలి వైపు రేకు) మీద కొట్టిన నంబరుతో సరిపోయింది కాబట్టి తలుపు ఈ బండిదే. బయటి రంగుకి నమూనా వెనక క్వార్టర్ (వెనక చక్రం మీది పక్క భాగం) ట్రిమ్ ప్యానెల్ లోపల దొరికింది. ఎండ తగలని చోటు, అరవై ఏళ్లయినా మెరుస్తోంది. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "ఇది నెమలికంఠం రంగు రా, మా పెళ్లి పట్టుచీర ఇదే" అంది. అప్పటినుంచి ఇంట్లో అందరికీ ఇది నెమలికంఠం బండే.

ఇక అసలు గొడవ. మొదటిసారి తలుపుని రెండు స్టాండ్ల మీద పడుకోబెట్టి, పొద్దున్న ఎనిమిదింటికి, 78 డిగ్రీల ఫారన్‌హీట్‌లో కొట్టాను. అంతకు ముందు వారం ఫెండర్‌ని తాడుతో నిలువుగా వేలాడదీసి సాయంత్రం నాలుగింటికి, 97 డిగ్రీల్లో కొట్టాను. స్ప్రే గన్ అదే, 1.3 టిప్ అదే, గాలి ఒత్తిడి 26 పీఎస్ఐ అదే, రంగుని పలచన చేసే మీడియం రెడ్యూసర్ అదే. బిగించి చూస్తే తలుపు ఎదురుగా ముదురు, పక్కనుంచి లేత. రంగు కలిపిచ్చిన షాపుని రెండు రోజులు మనసులో తిట్టుకున్నాను, కానీ రెండింటికీ వాడింది ఒకే డబ్బాలో రంగు. పెయింటు మందం కొలిస్తే తలుపు 6.4 మిల్స్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), ఫెండర్ 4.9.

మెటాలిక్‌లో, అంటే సన్నని లోహపు తునకలు కలిసిన రంగులో, కోటు తడిగా పడితే ఆ తునకలు లోపలికి దిగి అడ్డదిడ్డంగా తిరుగుతాయి, ఎదురుగా ముదురుగా కనిపిస్తుంది. పొడిగా పడితే పైపైనే పరుచుకుని తెల్లగా మెరుస్తాయి. మరి నా తేడా వేడి వల్లా, పడుకోబెట్టడం వల్లా? నాలుగు రేకు ముక్కలు కోసి పొద్దున్న ఒకటి పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి, సాయంత్రం కూడా అలాగే కొట్టాను. పొద్దున్న పడుకోబెట్టింది అచ్చం తలుపులా వచ్చింది. సాయంత్రం నిలబెట్టింది ఎదురుగా చూస్తే అచ్చం ఫెండర్. మిగతా రెండూ మధ్యలో ఉన్నాయి. అంటే రెండు తప్పులూ కలిశాయి.

అందుకే రెండోసారి తలుపుని నిలబెట్టి, సాయంత్రం నాలుగింటికే, గన్ ఏడంగుళాల దూరంలో పెట్టి, గ్రే సీలర్ (రంగు కింద వేసే బూడిద పూత) మీద నాలుగు కోట్లు వేశాను. ఎదురు రంగు కలిసింది. పక్క రంగు కలవలేదు.

రాత్రి పదకొండు దాకా ఆలోచిస్తే తట్టింది. నలుపు తెలుపు గళ్ల కార్డు మీద ఇదే బేస్ కొట్టి చూశాను. మూడు కోట్లకి గళ్లు లీలగా కనిపిస్తూనే ఉన్నాయి, నాలుగో కోటుకి మాయమయ్యాయి. ఫెండర్ పాతదాని నమూనాలో కొత్తగా చేసిన రీప్రొడక్షన్, ఫ్యాక్టరీ నల్ల పూతతో వచ్చింది. దాన్ని గీరి, సీలర్ లేకుండా నేరుగా మూడే కోట్లు కొట్టాను. కింది నలుపే ఫెండర్ పక్క రంగుని లాగేస్తోందని నా అనుమానం. అదే నిజమైతే నెల రోజులుగా తప్పు లేని తలుపుని గీరుతున్నాను.

మిగతా పనులు బాగానే ఉన్నాయి. ఇంజన్‌కి ఫోర్డ్ బ్లూ పడింది, ఇంజన్ బే సెమీగ్లాస్ నలుపు అయిపోయింది. టీఎంఐ కంపెనీ పార్చ్‌మెంట్ సీట్ కవర్లు ముడత లేకుండా ఎక్కాయి, వాటి మీది క్రింకిల్ (ముడతల్లాంటి) గీతలు అసలుకి చాలా దగ్గరగా ఉన్నాయి.

అసలు కార్ల మీద ఉన్నది పైన క్లియర్ (రంగు లేని మెరుపు పూత) లేని ఎనామెల్ అని నాకూ తెలుసు. రంగు, మెరుపు ఒకే పూతలో వచ్చే సింగిల్ స్టేజ్ వాడాలనే మనసులో ఉంది. కానీ మెటాలిక్ సింగిల్ స్టేజ్‌లో ఒక్క దుమ్ము నలుసు పడినా గీరలేం, గీరితే తునకలే చెదిరిపోతాయి. గ్యారేజ్‌లో పని చేసేవాళ్లకి బేస్, క్లియర్ విడివిడిగా వేసుకోవడమే మేలు. క్లియర్ మాత్రం రెండు కోట్లకి మించి వద్దు. అద్దంలా మెరిస్తే 1966 బండిలా కనిపించదు. టేపు విషయంలో ఇప్పుడు 3ఎం ఆకుపచ్చది తప్ప ఇంకోటి ముట్టను, చవక టేపు తీస్తుంటే డేటా ప్లేటు అంచు దగ్గర బంక మిగిలిపోయింది.

ఈ శనివారం ఫెండర్ విప్పి, 400 నంబరు గరుకు కాగితంతో గీరి, గ్రే సీలర్ వేస్తాను. బేస్ మాత్రం ఇప్పుడు వేయను. ఇక్కడ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో నవంబర్‌కి ఎండ తగ్గుతుంది. అప్పుడు ఫెండర్, తలుపు, క్వార్టర్ మూడూ బండికి బిగించే ఉంచి, ఒకే రోజు, ఒకే డబ్బాతో, చివర్లో పదంగుళాల దూరం నుంచి పలచగా వేసే ఒక డ్రాప్ కోటుతో ముగించాలి. ఈలోగా డ్యాష్ ఆక్వా మొదలుపెడతాను. రేడియో వెనక దొరికిన ఆ గోరంత పెయింటు పక్కన పెట్టి చూడటానికి మూడు నమూనాలు ఆర్డర్ చేశాను, గురువారం వస్తాయి.