పాచికలకు ఎంత వదలాలి, ఎంత వదలకూడదు

పాట చేద్దామని మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ప్రాజెక్ట్ తెరిచి కీబోర్డ్ ముందు కూర్చుంటే చేతులు వాటంతటవే పాత చోటికే వెళ్తాయి. అదే మైనర్ స్కేల్, అవే నాలుగు కార్డ్స్, టెంపో (నిమిషానికి ఎన్ని బీట్లు అన్నది) చూస్తే మళ్లీ తొంభై చిల్లర, డ్రమ్స్‌లో కిక్ తర్వాత స్నేర్, దాని మీద హై హ్యాట్. బాగా సాధన చేసినవాళ్లకి ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే సాధన అంటేనే చేతికి దారులు అలవాటు చేయడం కదా. ఇన్‌స్పిరేషన్ రావట్లేదు అని మనం టెన్షన్ పడేది చాలాసార్లు ఇందుకే అని నా నమ్మకం. ఐడియాలు రాకపోవడం కాదు, వచ్చిన ప్రతిదీ ఎప్పుడో మనమే చేసినట్టు అనిపించి ఎనిమిది బార్ల (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తనం లాంటిది) లూప్ దగ్గర ఆగిపోవడం.

దీన్నుంచి బయటపడటానికి నాకు తెలిసినవాటిలో గట్టిగా పనిచేసేది ఒకటే: కొన్ని నిర్ణయాలను నా చేతిలోంచి తీసేయడం. పాచికలు, చీటీలు, బొమ్మా బొరుసూ, సాఫ్ట్‌వేర్‌లో ఉండే ర్యాండమ్ సెట్టింగులు, సరిగ్గా పనిచేయని గిటార్ పెడల్, ఏదైనా సరే. అన్ని నిర్ణయాలూ కాదు, కొన్నే. ఏవి వదలాలి, ఎంతవరకు వదలాలి అన్న దగ్గరే అసలు పనంతా ఉంది. ఇది సరిగ్గా పట్టుకోక చాలామంది ర్యాండమ్ అంటే గోల అనుకుని వదిలేస్తున్నారని నాకు బాధగా ఉంటుంది.

పాచికలతో సంగీతం కొత్త సంగతేమీ కాదు. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో ఇదొక సరదా ఆట. 1790ల్లో మొజార్ట్ పేరు మీద ఇలాంటి ఆట ఒకటి అచ్చయింది (ఆయనే రాశారనడానికి గట్టి రుజువు లేదు). పదహారు బార్ల వాల్ట్జ్ (ఒక రకం నాట్య సంగీతం) కావాలంటే ఒక్కో బార్‌కి రెండు పాచికలు వేయాలి. రెండు నుంచి పన్నెండు దాకా పదకొండు మొత్తాలు రావచ్చు కాబట్టి ఒక్కో చోటికి పదకొండు బార్లు, అంతా కలిపి 176 బార్లు ముందే రాసి పెట్టి ఉంటాయి. ఎలా వేసినా వినసొంపుగానే వస్తుంది. ఎందుకంటే మూడో చోటు కోసం రాసిన పదకొండు బార్లూ ఆ చోటుకి కావాల్సిన హార్మనీలోనే ఉంటాయి, చివరి చోటుకి రాసినవన్నీ ముగింపులాగే వినిపిస్తాయి. అంటే రాసినవాళ్లు వ్యాకరణం మొత్తం తమ దగ్గరే పెట్టుకుని, వాక్యంలో ఏ మాట పడాలన్నది మాత్రమే పాచికలకు వదిలారు. నేను ర్యాండమ్‌తో చేసే ప్రతి పనికీ ఇదే కొలత.

అమెరికన్ కంపోజర్ జాన్ కేజ్ దీనికి రెండో కొసన ఉంటారు. 1951లో ఆయన చైనా వాళ్ల ఐ చింగ్ పద్ధతిలో నాణేలు ఎగరేసి ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్నవన్నీ తేల్చి పియానోకి పెద్ద రచన చేశారు. తన ఇష్టాయిష్టాలు సంగీతంలోకి రాకూడదని ఆయన పట్టుదల. అదే ఏడాది పన్నెండు రేడియోల కోసం ఇంకొకటి రాశారు. ఒక్కో రేడియో దగ్గర ఇద్దరు, ఒకరు స్టేషన్ తిప్పుతుంటే రెండోవారు వాల్యూమ్, టోన్ చూసుకుంటారు. ఎవరు ఎప్పుడు ఎంత తిప్పాలో స్కోర్‌లో కచ్చితంగా ఉంటుంది, ఆ క్షణంలో రేడియోలో ఏం వస్తుందన్నది మాత్రం ఎవరికీ తెలియదు. కేజ్ అనగానే ఏదైనా ఓకే అన్న మనిషని చాలామంది అనుకుంటారు గానీ, ఆ నాణేలు ఎగరేయడానికి ముందు ఆయన తయారుచేసుకున్న పట్టికలు చూస్తే ఎంత క్రమశిక్షణో అర్థమవుతుంది. నా ఇష్టాన్ని పూర్తిగా పక్కన పెట్టాలని మాత్రం నాకు లేదు. నా చెవికి నచ్చిన పాటే కావాలి నాకు, కాకపోతే అది నా చేతికి తోచని చోటి నుంచి రావాలి.

అందుకే సంగీత నిర్మాత బ్రయాన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ కలిసి 1975లో బయటపెట్టిన "ఆబ్లిక్ స్ట్రాటజీస్" అనే పేక కట్ట నాకు దగ్గరగా అనిపిస్తుంది. పని ముందుకు సాగనప్పుడు ఒక ముక్క తీయాలి, దాని మీద ఉన్న చిన్న సూచన ఎంత వింతగా ఉన్నా పాటించాలి. రాక్ గాయకుడు డేవిడ్ బౌవీతో ఈనో చేసిన రికార్డింగుల్లో ఇలాంటి ఆటలు చాలా జరిగాయి. 1979లో వచ్చిన ఆల్బమ్‌లో ఒక పాటకి వాయిద్యాలు మార్చేసుకున్నారు, గిటారిస్ట్ డ్రమ్స్ వాయిస్తే డ్రమ్మర్ బేస్ పట్టుకున్నాడు. ఇది ఎందుకు పనిచేస్తుందంటే చెవి వయసు మారదు, చేతి వయసు మాత్రం తగ్గిపోతుంది. ఏది బాగుందో గుర్తుపట్టే అనుభవం అలాగే ఉంటుంది, వాయించే చేతికి మాత్రం అలవాట్లు ఉండవు. ఒక్కరే కూర్చుని పనిచేసేవాళ్లకి కూడా ఇది కుదురుతుంది. బేస్‌లైన్‌ని కీబోర్డ్ మీద కాకుండా డ్రమ్ ప్యాడ్స్ మీద వాయించండి. లేదా డ్రమ్స్‌ని నోటితో తకిట తకధిమి అని చెప్పి రికార్డ్ చేసి, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో మిడిలోకి (శబ్దం కాకుండా ఏ నోట్ ఎప్పుడు అన్న సూచనలు మాత్రమే ఉండే రూపం) మార్చండి. అది కొన్ని అక్షరాలు తప్పు వింటుంది, ఊపిరి శబ్దాన్ని కూడా ఒక దెబ్బ అనుకుంటుంది, మీరు ఎన్నడూ పెట్టని చోట చిన్న స్నేర్ ఒకటి పడుతుంది. ఆ చిన్న స్నేర్ కోసమే ఈ పనంతా.

నా దగ్గర ఒక డబ్బా నిండా చీటీలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్ తెరవకముందే తీయాలి, తెరిచాక తీస్తే అప్పటికే చెవి ఏదో ఒకటి ఊహించేసుకుంటుంది. ఒకటి టెంపోకి, ఒకటి స్కేల్‌కి, ఒకటి నిషేధానికి, ఒకటి శబ్దం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదానికి. నిషేధం చీటీల్లో "కిక్ లేదు", "రివర్బ్ (గదిలో మోగినట్టు వచ్చే ప్రతిధ్వని) లేదు", "ఒక్క ట్రాక్ కూడా లూప్ అవకూడదు" లాంటివి ఉంటాయి. శబ్దం చీటీల్లో "అన్నీ ఒకే రికార్డింగ్ నుంచి", "పాత ప్రాజెక్ట్‌లో మ్యూట్ చేసి వదిలేసిన ట్రాక్‌ని తిరగేసి వాడు" లాంటివి. నియమం ఒకటే, రెండోసారి తీయకూడదు. నచ్చలేదు, ఇంకోటి చూద్దాం అనుకున్నామా, పెత్తనం మళ్లీ పాత అలవాటు చేతికి వెళ్లిపోయినట్టే, ఎందుకంటే నచ్చకపోవడం అంటే చాలాసార్లు అలవాటు లేకపోవడమే. కనీసం ఒక గంట ఆ చీటీల మాట విని పనిచేసి, అప్పటికీ ఏమీ రాకపోతే హాయిగా మూసేయొచ్చు.

కిక్ లేదు అన్న చీటీ సంగతి కొంచెం చెప్పాలి, నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది అదే. కిక్ తీసేస్తే ముందు పాట గాల్లో తేలిపోతున్నట్టు ఉంటుంది. పల్స్‌ని ఎవరో ఒకరు మోయాలి, ఆ భారం బేస్ మీద పడుతుంది. అప్పటిదాకా సాగదీసి వాయించిన బేస్ నోట్లు పొట్టిగా, ముందు అంచు పదునుగా మారతాయి. కింది ఫ్రీక్వెన్సీల్లో కిక్‌కీ బేస్‌కీ మధ్య ఎప్పుడూ ఉండే తగువు లేదు కాబట్టి బేస్‌కి ఎంత కావాలంటే అంత చోటు దొరుకుతుంది, సైడ్‌చెయిన్ (కిక్ పడ్డప్పుడల్లా బేస్‌ని తగ్గించే ఏర్పాటు) అవసరమే ఉండదు. తర్వాత కిక్ తిరిగి పెట్టినా, ఈసారి నాలుగు బీట్లకీ కాకుండా అవసరమైన ఒకటి రెండు చోట్లే పెట్టాలనిపిస్తుంది. ఒక్క చీటీ మొత్తం గ్రూవ్‌ని కింది నుంచి మళ్లీ కట్టిస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్‌లోని ర్యాండమ్. ఒక్కో నోట్‌కి ఎంత శాతం అవకాశం ఇవ్వాలో సెట్ చేసుకునే సదుపాయం ఇప్పుడు చాలా వాటిలో ఉంది, ఏబుల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో 2021లో వచ్చిన పదకొండో వెర్షన్ నుంచి ఉంది. నేను లయని మోసే నోట్లకి నూరు శాతం ఉంచి, మధ్యలో వచ్చే చిల్లర నోట్లకి ముప్ఫై, నలభై ఇస్తాను. అప్పుడు ప్రతి బార్ ఒకే బార్‌లా ఉంటుంది, కానీ ఏ రెండూ ఒకటి కావు. స్వరాలను కూడా ర్యాండమ్‌కి వదలాలంటే మాత్రం ముందు కంచె వేయాలి. పన్నెండు స్వరాలూ వదిలేస్తే గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది. మోహన రాగంలోని ఐదు స్వరాలకే పరిమితం చేసి చూడండి, వాటిలో ఏ రెండు పక్క స్వరాల మధ్యా అర స్వరం దూరం ఉండదు కాబట్టి ఏది దేని మీద పడినా చెవిని కొరకదు. ఇంకొకటి, లయనీ స్వరాన్నీ ఒకేసారి వదలకండి. లయ స్థిరంగా ఉంటే స్వరం తిరగొచ్చు, స్వరం స్థిరంగా ఉంటే లయ తిరగొచ్చు. అప్పటికీ పొంతన లేదనిపిస్తే ర్యాండమ్‌గా వచ్చిన ఒక్క బార్ తీసుకుని అలాగే నాలుగుసార్లు రిపీట్ చేయండి. మొదటిసారి కాకతాళీయంగా వినిపించింది నాలుగోసారికి కావాలని రాసిన ట్యూన్ అయిపోతుంది. రిపీట్ చేయడం అంటే "ఇది నేనే అన్నాను" అని ఒప్పుకోవడం, వినేవాళ్లు దాన్ని అలాగే తీసుకుంటారు.

పాచికలు కూడా అక్కర్లేని పద్ధతి ఒకటుంది, నాకు చాలా ఇష్టం. మూడు లూప్‌లు తీసుకుని ఒకటి ఐదు బీట్లు, ఒకటి ఏడు, ఒకటి ఎనిమిది ఉండేలా కట్ చేయండి. ఖండ చాపు, మిశ్ర చాపు, ఆది తాళం ఒకేసారి నడుస్తున్నట్టు అనుకోవచ్చు. అవి మూడూ మళ్లీ ఒకేచోట మొదలవ్వాలంటే 280 బీట్లు పట్టాలి, 120 టెంపోలో అది రెండు నిమిషాల ఇరవై సెకన్లు. అంతసేపూ ఎదురుబొదురు వచ్చే నోట్లు మారుతూనే ఉంటాయి, మీరు రాసింది మాత్రం మూడు చిన్న ముక్కలే. 1965లో అమెరికన్ కంపోజర్ స్టీవ్ రైక్ రెండు టేప్ మెషీన్ల మీద ఒకే మాటల లూప్ పెట్టి, రెండిటినీ ఒక పద్ధతిలో జోడించాలని చూస్తుంటే వాటి వేగంలో కాస్త తేడా ఉండి ఒకటి మెల్లగా ముందుకు జరిగిపోయింది. చాలామంది మెషీన్‌ని తిట్టుకుని సరిచేసుకునేవాళ్లు. ఆయన ఆ జరుగుడే రచన అనుకుని, దాన్ని మొదటి నుంచి చివరిదాకా నడిపించి, తర్వాత టేప్ లేకుండా మనుషులు వాయించే పద్ధతిగా కూడా మార్చారు.

ఇలాంటి కథలు సంగీతంలో ఎన్నో. 1961లో హిట్టయిన ఒక పాటకి అమెరికాలోని నాష్‌విల్‌లో జరిగిన రికార్డింగ్‌లో మిక్సింగ్ కన్సోల్ ఛానెల్ చెడిపోయి బేస్ గిటార్ సోలో బరబరమంటూ వచ్చింది, దాన్ని అలాగే ఉంచేశారు, మరుసటి ఏడాదికి ఆ శబ్దం కోసమే తయారైన ఫజ్ పెడల్ మార్కెట్లోకి వచ్చింది. రోలండ్ టీబీ-303 మెషీన్‌ని ఒంటరిగా ప్రాక్టీస్ చేసే గిటారిస్టులకి బేస్ తోడుగా ఉంటుందని తయారుచేస్తే అమ్ముడుపోలేదు, 1984కల్లా ఆపేశారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ డబ్బా నాబ్‌లని చికాగో కుర్రాళ్లు పాట నడుస్తుండగానే తిప్పుతూ పోతే యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం పుట్టింది, వాళ్ల రికార్డ్ 1987లో వచ్చింది. వీటిని అదృష్టం కథలుగా చెప్పుకోవడం నాకు నచ్చదు. చెడిపోయిన ఛానెల్స్ అన్ని స్టూడియోల్లోనూ ఉంటాయి. "ఆగండి, ఇది బాగుంది, ఉంచుదాం" అన్న మనిషి ఒకరు ఆ గదిలో ఉండటమే అక్కడ జరిగిన పని.

అందుకే రికార్డ్ బటన్ ఎప్పుడూ నొక్కే ఉండాలి. ర్యాండమ్‌గా నడిచేదాన్ని పది, పదిహేను నిమిషాలు ఆడియోగా రికార్డ్ చేసేయండి, మిడిలో ఉంచుకుంటే మళ్లీ మళ్లీ కొత్తది వస్తూనే ఉంటుంది, ఏదీ తేలదు. ఆ పూటకి ఆడటమే, ఏరడం వద్దు. మరునాడు స్క్రీన్ వంక చూడకుండా విని, చెవి నిక్కబొడుచుకున్న చోట మార్క్ పెట్టుకోండి. చాలా భాగం పారేయాల్సిందే, అందులో బాధపడాల్సింది ఏమీ లేదు. పదిహేను నిమిషాల్లో రెండు బార్లు దొరికినా పాటకి సరిపడా విత్తనం దొరికినట్టే.

సింథ్‌లలో (ఎలక్ట్రానిక్‌గా శబ్దాలు పుట్టించే వాయిద్యాలు) ఉండే ర్యాండమ్ ప్రీసెట్ బటన్ మాత్రం నేను వాడను. దానికి కంచె లేదు, కట్టుబాటు లేదు, నొక్కుతూ పోవడమే, గంట గడిచిపోతుంది. ఫొటో ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రా డేటాగా తెరిచి శబ్దంలా వినడం ఒకసారి చేసి చూడొచ్చు, మంచి పెర్కషన్ ముక్కలు దొరుకుతాయి, కాకపోతే ముందు వాల్యూమ్ బాగా తగ్గించండి, చెవులు జాగ్రత్త. ఇక సాహిత్యం ఉన్న పాటలో గొంతు పాడే ట్యూన్‌ని నేను పాచికలకు వదలను. ఏ అక్షరం ఎక్కడ సాగాలో, ఎక్కడ విరగాలో ఆ మాటల అర్థమే చెప్తుంది, దాన్ని కాదని స్వరం పెడితే మాట చచ్చిపోతుంది. దాని చుట్టూ ఉన్నదంతా వదలడానికి సిద్ధమే.

చీటీల గురించి ఒక్కటి మిగిలింది. అన్నీ మీరే రాసుకుంటే వాటిలోనూ మీ అలవాట్లే ఉంటాయి, మీకు చేతకాని నిషేధం మీరు రాసుకోరు. సగమైనా వేరేవాళ్లతో రాయించండి, వాళ్లకి సంగీతం రాకపోతే మరీ మంచిది. నా డబ్బాలో ఒక ఫ్రెండ్ వేసిన చీటీ ఉంది, "అన్నిటికంటే బాగున్న భాగం తీసేయ్" అని. అది వచ్చినప్పుడు పాట మొత్తం ఏ సింథ్ ట్యూన్ మీద నిలబడి ఉందో దాన్నే తీసేయాల్సి వచ్చింది. కిందెక్కడో దానికి తోడుగా వేసిన చిన్న వరస, అప్పటిదాకా వినపడనిది, ముందుకొచ్చింది, ఇప్పుడు ఆ పాటకి పల్లవి అదే. తీసేసిన ట్యూన్‌ని వేరే ప్రాజెక్ట్‌లో సేవ్ చేసి పెట్టాను, దాని కోసం ఇంకా చీటీలు తీయలేదు.