డాబా మీద ఓరియన్ నెబ్యులా గీయడం: నా అనుభవం

నా దగ్గరున్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న టేబుల్‌టాప్ డాబ్సోనియన్, అంటే బల్ల మీద పెట్టుకునే టెలిస్కోప్. మోటారు లేదు, చేత్తో తోసుకోవాల్సిందే. హైదరాబాద్‌లో డాబా మీద దీంతో ఎం42, అంటే ఓరియన్ నెబ్యులా అనే మెరిసే వాయుమేఘాన్ని గీసేటప్పుడు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది మసక వెలుగు కాదు, ఐపీస్‌లో (కన్ను పెట్టి చూసే కటకంలో) బొమ్మ మెలితిరగడం.

నడినెత్తికి దగ్గరగా వచ్చాక చూడమంటారు. చూడటానికి మంచి మాటే, గీయడానికి మాత్రం మన అక్షాంశంలో కుదరదు. ఈ టెలిస్కోప్ పైకీ కిందికీ, పక్కలకీ మాత్రమే కదులుతుంది. చుక్కలేమో ధ్రువం చుట్టూ వాలుగా తిరుగుతాయి. ఎం42 మనకు దక్షిణాన 67 డిగ్రీల ఎత్తుకు చేరినప్పుడు దృశ్యం గంటకు సుమారు 37 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. లండన్‌లో అదే 11 డిగ్రీలు. అంటే ఇక్కడ, గడియారంలో మూడు అంకె ఉండే చోట పెట్టిన చుక్క, స్కెచ్ పూర్తయ్యేసరికి ఒక అంకె పక్కకు జరిగి ఉంటుంది. అందుకే జనవరి మధ్యలో రాత్రి పది దాటేదాకా ఆగను. ఏడున్నరకే, తూర్పున 40-50 డిగ్రీల ఎత్తులో ఉండగా మొదలుపెడతాను. అప్పుడు తిరుగుడు గంటకు పది డిగ్రీల చుట్టుపక్కలే. తిథి బహుళ అష్టమి దాటి, శుద్ధ తదియ లోపు ఉంటే సాయంత్రం చంద్రుడి బెడద ఉండదు.

సామాను: పరీక్ష అట్ట, 160 జీఎస్‌ఎం మందం డ్రాయింగ్ పేపరు, హెచ్‌బీ, 2బీ పెన్సిళ్లు, నీడలు రుద్దడానికి కాగితం చుట్టి చేసిన స్టంప్, పిసికితే మెత్తబడే రబ్బరు, ఎర్ర ఎల్‌ఈడీ. పేపరు మీద 10 సెంటీమీటర్ల వృత్తం పగలే గీసిపెట్టుకోవాలి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి అరగంట. ఈలోగా ఫోన్ తీశారా, మళ్లీ మొదటికి.

25 ఎంఎం ఐపీస్‌తో (26 రెట్లు) వెతికి, 10 ఎంఎం ప్లోసెల్ రకం ఐపీస్‌తో (65 రెట్లు) గీస్తాను. అందులో కనిపించే మేర 46 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం). చుక్క ఒక అంచు నుంచి మరో అంచుకు మూడు నిమిషాల్లో దాటేస్తుంది. అది జారిపోయే వైపే పడమర. ముందు ఆ గుర్తు వృత్తం అంచున పెట్టాలి. తర్వాత ఎప్పుడు కొత్త చుక్క చేర్చాలన్నా, జారే దిశకు సరిపోయేలా అట్టను తిప్పుకుంటే చాలు.

నెబ్యులా జోలికి వెళ్లకముందే పది పదిహేను నిమిషాల్లో చుక్కలన్నీ హెచ్‌బీతో లేతగా పెట్టేయాలి. మొదట నడుమ ట్రెపీజియం అనే నాలుగు చుక్కల గుంపు, దాని పక్కనే వరుసలో ఉన్న తీటా-2 చుక్కలు, ఉత్తరాన దాదాపు 1.8 సెంటీమీటర్ల దూరంలో, పక్కనున్న చిన్న నెబ్యులా ఎం43 నడిమి చుక్క. ట్రెపీజియం నాలుగు చుక్కలూ కలిపి దాదాపు 20 ఆర్క్ సెకన్లే (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ సెకను). మన వృత్తంలో అది ముప్పావు మిల్లీమీటరు కూడా రాదు! నాలుగూ విడివిడిగా పెట్టబోతే నెబ్యులా గుండెలో పెద్ద కిటికీ తెరిచినట్టు ఉంటుంది. అక్కడ ఒక్క చుక్క పెట్టి, పేజీ మూలన పెద్దది చేసి వేరే గీయడం మేలు.

మసక భాగానికి పెన్సిల్ నేరుగా వాడకూడదు, గీతలు మిగిలిపోతాయి. చిత్తుకాగితం మీద 2బీ రుద్ది, ఆ పొడిలో స్టంప్ అద్ది, వెలుగున్న నడిమి నుంచి బయటికి తేలిగ్గా లాగాలి. వేలితో రుద్దితే చర్మపు జిడ్డుకు మరకలు కడతాయి, రబ్బరుకి పోవు. నెబ్యులా పక్కలకి చాచిన రెక్కలు ఎక్కడ ఆగుతున్నాయో ఓరచూపుతో చూడాలి, గొట్టాన్ని మెల్లగా తడితే అంచు ఇంకాస్త తేలుతుంది. ట్రెపీజియం వైపు చొచ్చుకొచ్చే నల్లటి చీలికను రబ్బరు మొనతో తీయాలి. చివర్లో చుక్కల్ని 2బీతో మళ్లీ దిద్దాలి. ముందే ముదురుగా పెడితే స్టంప్ తగిలి తోకలొస్తాయి.

ఎర్ర వెలుతురులో లేత పెన్సిల్ ఆనదు. అందుకని చేయి బరువు పడుతుంది; తెల్లారి చూస్తే నెబ్యులా బొగ్గులా ఉంటుంది. ఎల్‌ఈడీని ఒక మెట్టు పెంచి చూసుకుంటూ, నీడ ఇంకా చాలదనిపించినప్పుడే రుద్దడం ఆపేస్తాను. ఫోటోల్లోని గులాబీ రెక్కలు గుర్తొచ్చి చేయి ముందుకు పోతుంటుంది, అదీ ఆపుకోవాలి.

ఊపిరి తగిలి ఐపీస్ మసకబారితే తుడవొద్దు. రెండోది జేబులో వెచ్చగా పెట్టుకుని మార్చుకోవాలి.

మే నెలలో ఒమేగా సెంటారీ అనే నక్షత్ర గుచ్ఛానికి ఈ తిరుగుడు సగం కూడా ఉండదు, దక్షిణాన 25 డిగ్రీల ఎత్తే కాబట్టి. దాని తంటా దుమ్మూ, ఊరి వెలుతురూ.