రామ్‌నగర్ మూలమీద ఫిష్ ఫ్రై బండి

మొన్న హైదరాబాద్‌ల రామ్‌నగర్ చేపల మార్కెట్ దిక్కు పోతుంటే ఆ వాసనకి స్కూటర్ పక్కకి ఆపేసిన. 1998ల మేం ఆ దగ్గర్లనే కిరాయికుండేటోళ్లం, పొద్దుగూకంగనే సందు మూలమీద ఫిష్ ఫ్రై బండి పడేది, ఆయన పేరు ఇప్పటికీ తెల్వదు, అందరికీ కాకానే. వెడల్పు పెనం, మధ్యల గుంతల నూనె, అంచు చుట్టూ కారం పట్టించిన రవ్వ (రోహు) చేప ముక్కలు పేర్చి, ఎవరన్నా అడిగితే ఒకటి నూనెలకి నెట్టేటోడు, సుయ్య్‌మని సప్పుడు. పైన ఉల్లిగడ్డ, నిమ్మకాయ చెక్క. రెండో చెక్క అడిగితే మాత్రం మొహం మాడ్చేటోడు :)

ఒకసారి గొంతుల ముల్లు ఇరికి ఏడ్చుకుంట ఇంటికొస్తే అమ్మ ఉత్త అన్నం ముద్ద మింగించింది, తెల్లారి మళ్ల బండి కాడనే ఉన్న.

జూన్‌ల మృగశిర కార్తె నాడైతే అడగొద్దు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌ల ఉబ్బసానికిచ్చే చేప ప్రసాదానికి లైన్లు, ఇక్కడ మార్కెట్ల కాలు పెట్టనీకి జాగ ఉండదు. ఆ ఒక్కరోజు నాన్న కొర్రమీను తెచ్చేటోడు, ఇప్పుడది మన తెలంగాణ రాష్ట్ర చేప కదా, అప్పుడు మాకు మాత్రం ఏడాదికోసారి వచ్చే చుట్టం. అపోలో ఫిష్ కూడా బానే ఉంటది గానీ ముల్లు లేకుంటే అది చేపెట్లయితది?

కాకా బండి జాగల ఇప్పుడు మొబైల్ రిపేర్ షాప్ ఉంది. కిలో రవ్వ చేప కొట్టించుకొని ఇంటికొచ్చిన.