జిరాఫీ ఒక్కదాన్ని గట్టిగా పట్టుకుంటే సర్క్యులేషన్ (రక్తప్రసరణ) యూనిట్ సగం అయిపోయినట్టే

రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి అందరూ ఒకటే అడుగుతున్నారు, ఫిజియాలజీలో అంత స్కోర్ ఎలా వచ్చిందని. రివిజన్, మాక్ టెస్టులు మీరూ చేస్తున్నవే, కొత్తగా చెప్పేదేం లేదు. నాకు కలిసొచ్చింది మాత్రం జిరాఫీ.

"జిరాఫీకి బీపీ ఎక్కువ, గుండె పెద్దది" అని నోట్సులో ఒక లైన్ ఉంటుంది, బట్టీ పట్టేసి పేజీ తిప్పేస్తాం. అసలు ఎంత ఎక్కువ, ఎందుకంత అని లెక్క వేస్తే కథ మారిపోయింది. రక్తం నీటికన్నా కాస్త బరువు కాబట్టి మీటరు ఎత్తుకి సుమారు 77 మి.మీ. పాదరసం పీడనం పోతుంది. మెదడు గుండెకి రెండు మీటర్ల పైన ఉందనుకోండి, 154 దారిలోనే ఖర్చు, పైన మెదడుకి ఇంకో 90, 100 మిగలాలి, అంటే గుండె దగ్గర 250 దాకా కావాలి. కొలిచి చూసినా పెద్ద జిరాఫీల్లో సగటు 200 పైనే, మనకి రెట్టింపుకి మించి!

ఇక మిగతావి ఒకదాని వెనుక ఒకటి వచ్చేశాయి. అంత పీడనం తట్టుకోవాలంటే ఎడమ జఠరిక (ఒంటికి రక్తం పంపే గుండె గది) గోడ మందంగా, లోపలి ఖాళీ చిన్నగా ఉండాలి, గోడ మీద పడే ఒత్తిడి లెక్క చెప్పే లాప్లాస్ సూత్రం అదే. గుండె పెద్దదన్న మాట మాత్రం నమ్మకండి, శరీర బరువుతో పోలిస్తే మిగతా క్షీరదాల్లాగే అర శాతం దగ్గరే ఉంటుంది, ఆప్షన్లలో ఇక్కడే దొరికిపోతారు. కాళ్లలో పీడనం ఇంకా ఎక్కువ, అయినా వాపు రాదు, బిగుతు చర్మం మేజోడులా పట్టి ఉంచుతుంది, ధమనుల గోడలూ మందమే. నీళ్లకి తల వంచినప్పుడు మెడలోని జుగులర్ సిరల్లో ఉండే కవాటాలు రక్తం తలవైపు వెనక్కి రాకుండా చూస్తాయి. చెట్లెక్కే పాములకి గుండె తలకి దగ్గరగా, నీటి పాములకి వెనకగా ఎందుకుంటుందో కూడా ఈ లెక్కతోనే తేలిపోతుంది, నీళ్లలో బయటి పీడనమే సర్దేస్తుంది కదా.

ఒక జంతువు మీద ఇన్ని రోజులా అని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీయండి, సిలబస్ నాలుగుసార్లు తిరగేసి ఒక్క లెక్కా వేయనివాళ్లే ఎక్కువ. రోజూ కూర్చోవాలి, ఫోన్ పక్కన పెట్టాలి, ఇవన్నీ నిజమే, కానీ పెన్ను కదలకపోతే కూర్చున్న గంటలు దండగ. జెనెటిక్స్, ఎకాలజీ మామూలుగానే చదివాను.

మీరు ఒకటి ప్రయత్నించండి: మెడ నిటారుగా ఎత్తితే తల గుండెకి ఎనిమిది మీటర్ల పైన ఉండే డైనోసార్‌కి గుండె దగ్గర ఎంత పీడనం కావాలి? జవాబు 700 దాటితే సరిగ్గా వేసినట్టే, అవి అసలు మెడ అంత ఎత్తేవా అని శాస్త్రవేత్తలు ఎందుకు వాదించుకుంటారో కూడా అర్థమవుతుంది.