పిస్టన్ రింగుకి పేటెంట్ వస్తుందా?

విజయనగరంలో మా మేనల్లుడు పిస్టన్ రింగు (ఇంజన్లో పిస్టన్ చుట్టూ ఉండి గ్యాసు లీకవకుండా ఆపే, ఒకచోట తెగి ఉన్న రింగు) కొసల్ని మెట్టులా కోసి, ఆ సందులో చిన్న రేకు పెట్టాడు, ప్రెషర్ పెరిగేకొద్దీ అది సందుని మూసేస్తదట. "మావయ్యా, పేటెంట్ వేసేద్దామేటి?" అన్నాడు. నాకు భలే ముచ్చటేసింది. కానీ మెట్టు కోత ఎప్పట్నుంచో ఉన్నదే, మన 1970 పేటెంట్ చట్టం సెక్షన్ 3 ఎఫ్ ప్రకారం తెలిసిన పార్టుల్ని పక్కపక్కన పెట్టి దేని పని అది చేసుకుంటుంటే అది ఇన్వెన్షన్ కాదు. వీడి బలమంతా ఆ రేకులోనే ఉంది, కోత, రేకు, ప్రెషర్ మూడూ కలిసి లీకేజీ తగ్గిస్తున్నాయని టెస్టు రీడింగులతో చూపించాలి, ముందే ఇంకెవరైనా చేశారేమో పాత పేటెంట్లు వెతకాలి. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేస్తే కంప్లీట్ స్పెసిఫికేషన్‌కి (పూర్తి వివరాల పత్రానికి) 12 నెలల టైముంటది. ఫైలింగ్ అయ్యేదాకా యూట్యూబ్‌లో వీడియో మాత్రం పెట్టొద్దురా అని గట్టిగా చెప్పాను, బయటపెట్టేస్తే కొత్తదనం పోయినట్టే.