కొత్త ప్రజాతి అని ఎలా తేల్చాం: వెదురు ప్లాంట్‌హాపర్‌తో నా అనుభవం

వరి పండించేవాళ్లకి సుడిదోమ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. దుబ్బుల మొదళ్లలో చేరి, రసం పీల్చి, పైరును సుడులు సుడులుగా ఎండబెట్టే ఆ పురుగు శాస్త్రీయ నామం నీలపర్వత లూజెన్స్. దాని కుటుంబం డెల్ఫాసిడే, ప్లాంట్‌హాపర్లలో ఒక కుటుంబం. ఇందులో 2000కు పైగా జాతులున్నాయి. పంటల జోలికి రాకుండా గడ్డిలోనో వెదురులోనో బతికేవే ఎక్కువ. నేను వర్ణించింది అలాంటి వెదురు పురుగునే. జాతి మాత్రమే కాదు, ప్రజాతి (దగ్గరి బంధువులైన జాతుల గుంపు, జీనస్) కూడా కొత్తదే. ఆ రెండో మాట అనడానికి ఎంత పని ఉంటుందో ఈ రంగంలోకి వచ్చేవాళ్లకి తెలియాలని రాస్తున్నాను.

కుటుంబం తేల్చడం తేలికే. వెనక కాలి పిక్క చివర కదిలే ముల్లు ఒకటి ఉంటే అది డెల్ఫాసిడే. దాన్ని కాల్కార్ అంటారు. మా పురుగులో అది లావుగా, రెండు వైపులా ఉబ్బెత్తుగా, అంచున పళ్లు లేకుండా ఉంది. దాంతో ట్రోపిడోసెఫాలిని అనే తెగ దాకా వచ్చాం. వెదురు మీద బతికే ప్రజాతులు ఈ తెగలో చాలానే ఉన్నాయి. అక్కడి నుంచి ముందుకు ఏ కీ (లక్షణాలను బట్టి మెట్టు మెట్టుగా పేరు గుర్తించే పట్టిక) పట్టుకున్నా దారి మూసుకుపోయింది. మీసం మొదటి కణుపు బల్లపరుపుగా ఉంది కాబట్టి, 1906లో డిస్టంట్ అనే కీటక శాస్త్రవేత్త స్థాపించిన పురోహిత ప్రజాతితో పోల్చి చూశాం. దాని మీసాలు ఆకుల్లా వెడల్పుగా ఉంటాయి. కానీ తల ఆకారం, ముఖం మీది గట్లు పొసగలేదు.

మా మేడమ్ ఒకటే అన్నారు: "రంగూ మచ్చలూ పక్కన పెట్టమ్మా. మగదాని పొట్ట విప్పి చూడు."

పురుగే మూడు మిల్లీమీటర్లు. పొట్టను వేరుచేసి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచితే కండ, కొవ్వు కరిగిపోయి గట్టి కవచం మాత్రం మిగులుతుంది. దాన్ని నీళ్లతో కడిగి, గ్లిజరిన్ చుక్కలోకి మార్చి, సన్నని సూదితో అటూ ఇటూ తిప్పుతూ చూడాలి. చివరి ఖండాన్ని పైగోఫర్ అంటారు. అందులో ఒక జత గోనోస్టైల్స్ (జతకూడేటప్పుడు పట్టుకునే భాగాలు), వాటికి పైన ఎడియాగస్, అంటే మగ జననాంగం, ఉంటాయి. మా దాంట్లో ఎడియాగస్ సన్నని గొట్టం. సగం దాకా తిన్నగా వచ్చి, అక్కడ ఎడమ వైపుకు మెలి తిరిగింది. ఆ మెలిక దగ్గర ఒక పొడుగు ముల్లు, ఒక పొట్టి ముల్లు. విప్పిన ప్రతి మగ పురుగులోనూ అదే మెలిక, అవే ముళ్లు. నాకు తెలిసిన ఏ ప్రజాతిలోనూ అలాంటిది లేదు. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు.

ఫొటో తీస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. బొమ్మ గీయాల్సిందేనని నా గట్టి అభిప్రాయం. మైక్రోస్కోప్‌కి కెమెరా లూసిడా తగిలిస్తే వస్తువూ, కాగితం మీద మన పెన్సిలూ ఒకేసారి కనిపిస్తాయి. అలా గీస్తున్నప్పుడు ప్రతి గీతా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో తేల్చుకోక తప్పదు. పొట్టి ముల్లు మొలిచింది గొట్టం పక్క నుంచి కాదు, అడుగు నుంచి అని నాకు గీస్తున్నప్పుడే తెలిసింది. వర్ణనలో అది ముఖ్యమైన వాక్యం అయింది.

అసలు కష్టం ఆ తర్వాతే. ఇలాంటి తేడా ఒకటి నికరంగా దొరికితే కొత్త జాతి అనొచ్చు. ప్రజాతికి అది చాలదు. ప్రజాతి అనడమంటే బంధుత్వం గురించి వాదించడం. దీన్ని దగ్గరి ప్రజాతిలోనే ఎందుకు పెట్టకూడదో చెప్పాలి. వేరుచేశాక, మిగిలిన పాత ప్రజాతి ఒకే మూలం నుంచి వచ్చిన గుంపుగా నిలుస్తుందో లేదో కూడా చూడాలి. పైగా ప్రజాతి పేరు దాని టైప్ జాతిని (ఆ పేరుకు ప్రామాణికంగా ఎంచిన జాతిని) అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి, పోలిక కూడా టైప్ జాతులతోనే జరగాలి. ఒక ప్రజాతి విషయంలో దొరికిన టైప్ నమూనా ఒక్కటే, అదీ ఆడది. ఎడియాగస్ పోల్చే వీలే లేదు. ఆ మ్యూజియం క్యూరేటర్ గారు ఎంతో ఓపిగ్గా తల, మీసం, ముందు రెక్క ఈనెలు, కాల్కార్ ఫొటోలు తీసి పంపారు. వాటిని బట్టే అది వేరని తేల్చాం.

ఒక్కో పురుగు కాలు నుంచి డీఎన్‌ఏ తీసి, జాతుల్ని గుర్తించడానికి వాడే సీఓఐ జన్యువు ముక్కను (బార్‌కోడ్) చదివించాం. 658 అక్షరాల ఆ ముక్క ఆడ, మగ పురుగులు ఒకే జాతివని చూపించింది. ప్రజాతుల మధ్య బంధుత్వానికి అదొక్కటే చాలదని 18ఎస్, 28ఎస్ జన్యువులు కూడా చేర్చాం. జన్యువుల చెట్టూ, ఎడియాగస్, మీసం, తల ఆకారమూ ఒకే మాట చెప్పాకే వ్యాసం పంపే ధైర్యం వచ్చింది.

సమీక్షకుల్లో ఒకరు, "ఒక్క జాతి కోసం ఒక ప్రజాతా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఈ పురుగును ఉన్న ఏ ప్రజాతిలో పెట్టినా ఆ ప్రజాతి నిర్వచనం చెదిరిపోతుందని లక్షణం వెంట లక్షణం పట్టికగా చూపించాం. తెగ మొత్తానికీ కీ తిరగరాశాం. ఒప్పుకున్నారు.

పేరు పెట్టడంలో చూసుకోవాల్సింది, జంతురాజ్యంలో మరే ప్రజాతికీ ఆ పేరు ఉండకూడదు. నత్తకి ఉన్నా, చేపకి ఉన్నా కుదరదు. మొక్కకి ఉంటే ఫరవాలేదు. టైప్ జాతి ఏదో, హోలోటైప్ (జాతి పేరుకు ఆధారంగా నిలిచే ఒక్క నమూనా) ఏదో, అది ఎక్కడ ఉంటుందో స్పష్టంగా రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే 2012 నుంచి జూబ్యాంక్ అనే జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ముందే నమోదు చేయడం తప్పనిసరి.

వ్యాసం అంగీకారం పొందింది, ఇంకా అచ్చు కాలేదు. వర్ణన లేకుండా బయటికొచ్చిన పేరుకి జంతువుల పేర్ల నియమావళి ప్రకారం గుర్తింపు ఉండదు కాబట్టి ఇక్కడ పేరు రాయడం లేదు. దీని పిల్ల పురుగులు మాకింకా దొరకలేదు. వెదురు మీద పురుగులు సేకరించేవాళ్లు పెద్దవాటితో పాటు రెక్కలు రాని పిల్లల్ని కూడా 95 శాతం ఆల్కహాల్‌లో దాచి ఉంచండి, అప్పుడు డీఎన్‌ఏతో జత కలిపి చూడొచ్చు.