వెయ్యి దీనార్ల మనిషి

కైరోలో మాకు మూడు రోజులుంటే, ఒక పూట సెంటు దుకాణంలో, ఇంకో పూట పపైరస్ బొమ్మల దుకాణంలో పోయింది. పిరమిడ్ల గురించి నేను రాయను, అందరూ రాసిందే. ఎండ మాత్రం అచ్చం రామగుండం ఎండ. బానిస సైనికులుగా వచ్చి ఈజిప్టుని ఏలిన మమ్లూకుల కట్టడాలున్న వీధికి ఎప్పుడు తీసుకెళ్తావని మా గ్రూపు గైడుని అడిగితే "అది ప్రోగ్రాంలో లేదు సార్" అన్నాడు. మరి ఆ సెంటు దుకాణం ప్రోగ్రాంలో ఎక్కడుందో!

చివరి రోజు వాళ్లని వాళ్ల దారిన వెళ్లమని నేనొక్కణ్నే బయల్దేరాను. మా ఆవిడ పిరమిడ్ దగ్గరే మోకాళ్లు పట్టేసి హోటల్లో ఉండిపోయింది.

తహ్రీర్ దగ్గర ఎక్కిన టాక్సీలో మీటరుంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది. మూడు వందల పౌండ్లన్నాడు. నేను వంద అన్నాను. సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటోవాళ్లతో ఇన్నేళ్లు బేరమాడిన నోరు ఊరుకుంటుందా? నూట యాభైకి కుదిరింది. దిగేటప్పుడు "హింది! అమితాబ్ బచ్చన్!" అని ఇంకో ఇరవై లాగాడు. అమితాబ్ పేరెత్తాక కాదనలేకపోయాను.

ఆ అల్ ముయిజ్ వీధిలో నేను చూడాలనుకున్నది మమ్లూకు సుల్తాన్ ఖలావూన్ సమాధి. 1284లో మొదలుపెట్టి ఏడాది పైచిలుకులో సమాధి, మదరసా, ఆసుపత్రి అన్నీ లేపేశారు. మా కాలనీలో డ్రైనేజీ కాలువకి మూడేళ్లు పట్టింది. లోపలికి అడుగుపెడితే ముందు ఏమీ కనపడదు, చీకటి. కళ్లు అలవాటుపడ్డాక రంగు అద్దాల కిటికీల్లోంచి పడిన ఎరుపూ పచ్చా ముక్కలు నేల మీద కనిపిస్తాయి. పైకి చూస్తే నాలుగు పెద్ద గ్రానైట్ స్తంభాలు, అంతకన్నా పాత కట్టడాల నుంచి తెచ్చి నిలబెట్టినవి. మధ్యలో చెక్క జాలీ, జాలీ వెనక సమాధి.

నేను జాలీ సందులోంచి తొంగిచూస్తుంటే కాపలాదారు వచ్చి పక్కన నిలబడ్డాడు. వచ్చీరాని ఇంగ్లీషు. "ఖలావూన్ అల్ అల్ఫీ" అన్నాడు. నాకు అర్థం కాలేదు. నా చేతిలో టికెట్ తీసుకుని, జేబులో పెన్ను తీసి, వెనకాల ఒక నిలువు గీత గీశాడు. దాని పక్కన మూడు చుక్కలు పెట్టాడు. అరబ్బీలో సున్నా గుండ్రంగా ఉండదు, చుక్కే. "అల్ఫ్! అల్ఫ్ దీనార్!" అని ఎడమ అరచేతిలో కుడి వేళ్లతో నోట్లు లెక్కపెట్టినట్టు చూపించాడు.

వెయ్యి. సమాధిలో ఉన్నాయన్ని కుర్రతనంలో వెయ్యి దీనార్లకి కొన్నారట. ఆ రేటే పేరుకి తగులుకుంది. సుల్తాన్ అయ్యాక కూడా ఆ పేరు పోలేదు.

నాకు ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే నాది హనుమకొండ. మా ఊళ్లో చిన్నపిల్లాడికి కూడా తెలిసిన పేరు మాలిక్ కాఫూర్. అల్లావుద్దీన్ ఖిల్జీ పంపితే ఓరుగల్లు మీదికి వచ్చి, 1310లో ప్రతాపరుద్రుణ్ని లొంగదీసుకుని, ఏనుగుల్నీ గుర్రాల్నీ ధనాన్నీ పట్టుకుపోయినవాడు. (కోహినూరు సంగతి ఇక్కడ ఎత్తను, మా బావమరిదితో ఇప్పటికే ఒక గొడవ ఉంది.) ఆ కాఫూర్‌ని కూడా గుజరాత్‌లోని ఖంభాత్‌లో పట్టుకొచ్చిన బానిసగానే చెప్తారు. ఆయనకున్న పేరేంటి? హజార్ దీనారీ. వెయ్యి దీనార్లవాడు! ఎనిమిదో తరగతిలో మా సోషల్ సారు ఆ మాట చెప్పినప్పుడు వెనక బెంచీ అంతా నవ్వాం. వెయ్యికి మనిషి వస్తాడా అని.

ఇంకో ముచ్చట. ఓరుగల్లు లొంగిన ఆ 1310లోనే ఇక్కడ ఖలావూన్ కొడుకు అల్ నాసిర్ ముహమ్మద్ మూడోసారి గద్దెనెక్కాడు. ఆయన సమాధీ ఈ జాలీ వెనకే. నిజానికి కొడుకు గద్దె ఎక్కకూడదు. మమ్లూకుల పద్ధతి ప్రకారం తురుష్కుల మైదానాల నుంచి కుర్రాళ్లని కొనుక్కొచ్చి, మతం మార్చి, గుర్రపుస్వారీ, విలువిద్య నేర్పి, చివర్లో విడుదల చేసి గుర్రం, ఆయుధాలు చేతికిస్తారు. వాళ్ల పిల్లలు మాత్రం పుట్టుకతోనే స్వేచ్ఛ ఉన్నవాళ్లు కాబట్టి మమ్లూకులు కారు, పెద్ద పదవులకి పనికిరారు. కొన్నవాడే ఏలాలి, కన్నవాడు కాదు. మన దగ్గర ఎమ్మెల్యే సీట్లకి ఈ రూలు పెడితే ఎలా ఉంటుందో అనుకున్నాను. కానీ ఖలావూన్ కూడా తండ్రే కదా. మధ్యలో కొన్నేళ్లు తప్పితే ఆయన వంశమే 1382 దాకా ఆ గద్దె మీద ఉంది.

పక్కనే ఆ కొడుకు మదరసా. దాని వాకిలి చూస్తే చర్చి వాకిలిలా ఉంటుంది. చర్చిదే! 1291లో యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ సైనికులు, అంటే క్రూసేడర్ల దగ్గర ఆక్రా పట్టణం గెలిచినప్పుడు రాళ్లతో సహా ఊడదీసి తెచ్చి ఇక్కడ బిగించారు. నేను చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాను. మా కోటలో తోరణాలు నాలుగూ ఉన్న చోటే మిగిలాయి, గుడే లేదు. ఖలావూన్ ఆసుపత్రి ఉన్న జాగాలో ఇప్పటికీ కంటి ఆసుపత్రి ఉందట. ఆ వైపు వెళ్లే ఓపిక లేకపోయింది.

బయటికొస్తుంటే కాపలాదారు చెయ్యి చాచాడు. ఇరవై ఇచ్చాను, మొహం ముడిచాడు. ఆ గీతా మూడు చుక్కలూ గుర్తొచ్చి యాభై చేశాను.

ఆకలేసి సందులో కొషరీ తిన్నాను. అన్నం, కందిపప్పులాంటి పప్పు, మాకరోని, శనగలు, పైన టమాటా పులుసు, వేయించిన ఉల్లిపాయలు. కిచిడీకి దగ్గరి చుట్టమే, మధ్యలో మాకరోని ఎందుకో. చిల్లర ఇచ్చేటప్పుడు కొట్టువాడు ఒక పౌండు తక్కువ పెట్టి, మన కిరాణావాళ్లు చాక్లెట్ పెట్టినట్టు ఒక చూయింగ్ గమ్ పెట్టాడు. నాకు ఎక్కడలేని పట్టుదల వచ్చింది. గమ్ వెనక్కి తోసి నోటే కావాలన్నాను. విసుక్కుంటూ డ్రాయరంతా వెతికి నలిగిన ఒక పౌండు నోటు పడేశాడు. దాని మీద ఉన్నది ఖైత్‌బే మసీదు. ఖైత్‌బే కూడా కొనుక్కొచ్చిన మమ్లూకే, తర్వాత సుల్తాన్ అయ్యాడు. మన లెక్కలో ఆ నోటు రెండు రూపాయలు కూడా చేయదు.

హోటల్లో మా ఆవిడకి చూపిస్తే "దీనికోసమా ఇంత ఆలస్యం?" అంది.